ముందు ఇల్లు, తరువాత పొయ్యి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మాట్లాడమని సంఘం పెద్దలు ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో నాకు తోచలేదు. "చలి దేశంలో ఇన్నేళ్ల నుంచి ఉంటున్నావు, పైగా ఇంజనీరువు. పిల్లలను అమెరికాకు, కెనడాకు పంపిన తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే ముచ్చట ఏదైనా చెప్పు" అన్నారు. అందుకే చలి దేశంలో ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఆ ఇంటికి వేడి, గాలి ఎలా అమర్చుకోవాలి అన్నది విషయంగా తీసుకున్నాను. మే నెలలో 46 డిగ్రీలు చూసే జగిత్యాల జిల్లాలో కూర్చుని ఇల్లు వేడి చేసుకునే యంత్రాల గురించి వినడం మీకు విచిత్రంగా ఉండొచ్చు. కొంచెం ఓపిక పట్టండి. చివరికి వచ్చేసరికి ఇది మన ఇళ్ల ముచ్చట కూడా అని మీకే తెలుస్తుంది.

నా సంగతి తెలియని చిన్నవాళ్ల కోసం రెండు మాటలు. మా అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. మా తాత గుంట మగ్గం మీద నేసేవాడు. మా ఇల్లు ఇక్కడే, కోరుట్లలో. పది దాకా మన బడిలో, ఇంటర్ జగిత్యాలలో చదివాను. అప్పుడు మూడూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. తరువాత మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, తిరిగి తిరిగి కెనడాలోని సస్కాచువాన్‌లో తేలాను. అక్కడ పొటాష్ గనులు ఉన్నాయి. మన దేశంలో చేన్లకు వేసే పొటాష్‌లో కొంత అక్కడి నుంచే వస్తుంది. గనులు నేల కింద దాదాపు కిలోమీటరు లోతున ఉంటాయి. అంత లోతులో పనిచేసే మనుషులకు మంచి గాలి అందేలా చూడటం నా ఉద్యోగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఇప్పుడు చెప్పబోయే తప్పు చేసినవాడి వృత్తి గాలి ఆడించడమే.

మన బడిలో ఎనిమిదో తరగతిలో సైన్సు సారు ఒక ప్రయోగం చూపించారు. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి దాని మీద గాజు గ్లాసు బోర్లించారు. మంట చిన్నబోయి, ఊగి, ఆరిపోయింది. "ఎందుకు ఆరింది?" అని అడిగితే ఆక్సిజన్ అయిపోయిందని అందరం ఒక్క గొంతుతో చెప్పాం. "కొవ్వొత్తి బదులు మనిషి ఉంటే?" అని సారు మళ్లీ అడిగారు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ సారు ఈ రోజు ముందు వరుసలో కూర్చున్నారు. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరకడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

అక్కడ నేను కొన్న మొదటి ఇల్లు పాతది. చెక్క చట్రం, కింద బేస్‌మెంట్. జనవరిలో మైనస్ 30, మైనస్ 35 అక్కడ మామూలు. కొన్ని రాత్రులు మైనస్ 40కి పోతుంది. లెక్కల సార్ల కోసం చెబుతున్నాను, సెంటిగ్రేడ్ అన్నా ఫారెన్‌హీట్ అన్నా ఒకే అంకె వచ్చే చోటు అదే. బేస్‌మెంట్‌లో గ్యాసుతో నడిచే పెద్ద ఫర్నేస్, దాని పక్కన గ్యాసుతోనే నీళ్లు కాచే ట్యాంకు ఉండేవి. ఆ మూలలోనే బయటి నుంచి లోపలికి ఒక గొట్టం ఉండేది. దాని నుంచి రాత్రింబవళ్లు మంచులాంటి గాలి కిందకు దిగుతుండేది. నెలనెలా గ్యాసు బిల్లు చూసుకుంటూ, "ఒక పక్క డబ్బు పెట్టి ఇల్లు కాగబెడుతున్నాను, ఇంకో పక్క ఈ గొట్టం చలిని తెచ్చి పోస్తున్నది" అనుకునేవాణ్ని.

ఆ చలికాలం మా అవ్వ, బాపు వచ్చారు. వాళ్లు చలికి వణకడం చూడలేక రెండు పనులు చేశాను. కిటికీల సందులన్నీ టేపుతో మూశాను. సిరిసిల్ల నుంచి అవ్వ తెచ్చిన తువ్వాలను చుట్టచుట్టి ఆ గొట్టంలో కుక్కాను. బేస్‌మెంట్ గంటలో వెచ్చబడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతకు కొద్ది నెలల ముందే పోపుల పొగకు తట్టుకోలేక వంటింట్లో పెద్ద చిమ్నీ పెట్టించాను. అవ్వ వచ్చాక పొద్దున సర్వపిండి, సాయంత్రం రొట్టెలు. చిమ్నీ గంటల తరబడి తిరిగేది. మూడో రోజు అవ్వ, "కొడుకా, తలకాయంత దిమ్ముగున్నది, కడుపుల తిప్పుతున్నది" అన్నది. "ఇమానంల వచ్చిన అలసట గావచ్చు" అన్నాడు బాపు. నేను మాత్ర ఇచ్చి పడుకోమన్నాను. ఆ రాత్రి పడకగదుల దగ్గరి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. అందరం చలికోట్లు తగిలించుకుని మంచులోకి పరుగెత్తాం. ఫైర్ వాళ్లు వచ్చి మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగారు. బేస్‌మెంట్ నుంచి వాళ్లలో ఒకాయన ఆ తువ్వాల పట్టుకుని పైకి వచ్చాడు. "ఇది ఎవరు పెట్టారు?" అని అడిగాడు. నా ఉద్యోగం ఏమిటో ఆయనకు చెప్పలేదు.

జరిగింది ఇది. చిమ్నీ ఇంట్లోని గాలిని బయటికి లాగుతున్నది. పోయినంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. కిటికీ సందులు మూశాను, గొట్టం మూశాను. ఇక గాలి రావడానికి మిగిలిన తోవ ఒక్కటే, నీళ్ల ట్యాంకు పొగగొట్టం. పైకి పోవలసిన పొగ అదే గొట్టంలో వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం దాని మొదటి గుర్తులు. మనం వాటిని అలసట అనుకుంటాం. దవాఖానలో ఆక్సిజన్ పెట్టి చూసి, తెల్లారి అవ్వను ఇంటికి పంపారు. ఆ అలారం లేకుంటే ఈ సభలో ఈ ప్రసంగం ఉండేది కాదు.

ఆ తరువాతే నేను ఇంటి గాలి గురించి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. నేను వెతుకుతున్న జవాబు మా రాష్ట్రంలోనే, రెజైనా నగరంలో ఎప్పుడో కట్టి పెట్టారు.

1970ల్లో చమురు ధరలు ఆకాశానికి అంటినప్పుడు, సస్కాచువాన్‌కు తగిన సౌర గృహం కట్టి చూపించమని అక్కడి ఇంజనీర్లను అడిగారు. వాళ్లలో హరాల్డ్ ఆర్ అనే ఆయన ఒకరు. వాళ్లు లెక్క వేసి చూస్తే, వేడి బాగా కావలసిన చలికాలంలోనే అక్కడ పగళ్లు పొట్టివి, ఎండ తక్కువ. అందుకని ప్రశ్ననే మార్చారు. వేడిని ఎలా సంపాదించాలి అని కాకుండా, ఉన్న వేడిని ఎలా పోకుండా చూడాలి అని అడిగారు. 1977లో ఇల్లు కట్టారు. గోడలు దాదాపు అడుగు మందం, వాటి నిండా ఇన్సులేషన్. పైకప్పు మీద ఇంకా ఎక్కువ. గోడల లోపల గాలి చొరకుండా ప్లాస్టిక్ పొర. అంత బిగుతైన ఇంట్లో మనుషులు ఊపిరి పీల్చాలి కాబట్టి, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే పెట్టెను సస్కాచువాన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసి పెట్టారు. ఈ ఇంటి అనుభవం సముద్రాలు దాటింది. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదటి పాసివ్ హౌస్ కట్టిన వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్‌కు ముందు నడిచినవాళ్లలో వీళ్లు ఉన్నారు.

1977లో నేను రెండో తరగతి. మన సంఘం వయసు, ఆ ఇంటి వయసు ఇంచుమించు ఒకటే.

ఆ ఇంటి నుంచి నేను నేర్చుకున్నది వరస. ముందు ఇల్లు, తరువాత గాలి, ఆ తరువాతే పొయ్యి. అంగడికి పోతే ముందు పొయ్యి చూపిస్తారు. మీ పిల్లలు అక్కడ ఇల్లు కొంటుంటే ఈ వరస చెప్పండి. ఒక్కో మెట్టు వివరంగా చెబుతాను.

మొదటి మెట్టు ఇల్లు. వేడి గాలి తేలిక, పైకి పోతుందని ఇక్కడే చదువుకున్నాం. చలికాలంలో ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. పైకప్పు సందుల్లోంచి వెచ్చని గాలి పోతుంది, కింది సందుల్లోంచి చల్లగాలి దూరుతుంది. కాబట్టి టేపు వేయవలసింది కిటికీలకంటే ముందు పైకప్పు దగ్గర. లైట్ల చుట్టూ, పైకి పోయే వైర్ల చుట్టూ, అటక తలుపు చుట్టూ ఉన్న కంతలు మూయాలి. ఎక్కడెక్కడ లీకు ఉందో తెలుసుకోవడానికి బ్లోయర్ డోర్ పరీక్ష ఉంది. వీధి తలుపు తీసి, ఆ చోట ఫ్యాను బిగించి, ఇంట్లోంచి గాలి లాగి, 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా దగ్గర ఎంత గాలి దూరుతుందో కొలుస్తారు. పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం ఆ ఒత్తిడి దగ్గర గంటకు ఇంటి గాలిలో 0.6 వంతుకు మించి మారకూడదు. పాత ఇళ్లలో అది ఎన్నో రెట్లు ఉంటుంది. కంతలు మూశాక అటక మీద ఇన్సులేషన్ పెంచాలి. యంత్రం పదిహేను, ఇరవై ఏళ్లకు పాతబడుతుంది. ఇన్సులేషన్ ఇల్లు ఉన్నన్నాళ్లు ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. గ్యాసు మంట ఉన్న ఇంట్లో కంతలు మూసే ముందు, ఆ మంటకు గాలి ఎక్కడి నుంచి వస్తుందో, పొగ ఎటు పోతుందో చూసుకోవాలి. నేను చేసిన తప్పు ఇదే. ఏ గొట్టం ఎందుకుందో తెలియకుండా మూయవద్దు.

రెండో మెట్టు గాలి. ఇల్లు బిగించాక కొత్త గాలిని లెక్క ప్రకారం మనమే తెచ్చుకోవాలి. ఎంత కావాలి? అమెరికాలో ఆశ్రే సంస్థ 62.2 ప్రమాణం ఒక సులువైన లెక్క ఇచ్చింది. ప్రతి 100 చదరపు అడుగులకు నిమిషానికి 3 ఘనపుటడుగులు. దానికి, పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి, 7.5తో హెచ్చవేసి కలపాలి. 2,000 చదరపు అడుగుల మూడు పడకగదుల ఇంటికి 60, 30 కలిపి నిమిషానికి 90 ఘనపుటడుగులు. అంటే దాదాపు మూడు గంటలకొకసారి ఇంటి గాలి మొత్తం మారుతుంది.

ఈ గాలిని మైనస్ 35 దగ్గర ఊరికే తెచ్చి, 20 డిగ్రీలకు కాచాలంటే దాదాపు 2.9 కిలోవాట్లు ఖర్చవుతుంది. రోజంతా రెండు మూడు ఇస్త్రీపెట్టెలు నడిపినట్టు. ఇక్కడే రెజైనా పెట్టె పనికొస్తుంది. దాన్ని హెచ్‌ఆర్‌వీ అంటారు. దాని లోపల ఏముందో సిరిసిల్ల మనిషికి చెప్పడం తేలిక. మగ్గం మీద పడుగు ఒక దిక్కు, పేక ఒక దిక్కు. ఒకదాని మీదుగా ఒకటి పోతాయి, ఒకదాన్నొకటి తాకుతాయి, కలిసిపోవు. ఈ పెట్టెలోనూ పలుచని రేకుల మధ్య మురికి గాలి ఒక దిక్కు బయటికి, మంచి గాలి ఇంకో దిక్కు లోపలికి పోతాయి. గాలులు కలవవు, వేడి మాత్రం ఒకదాని నుంచి ఇంకోదానికి అందుతుంది. పోయే వేడిలో నూటికి 75 వంతులు తిరిగి పట్టగలిగితే, 2.9 కిలోవాట్ల నష్టం 0.7కు దిగుతుంది.

ఇది కొనేటప్పుడు అడగవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, బాగా చలిలో ఎంత వేడి తిరిగి పడుతుంది? సున్నా దగ్గరి అంకె చూసి మురిసిపోవద్దు. రెండోది, లోపల మంచు గడితే ఎలా కరిగిస్తుంది? కొన్ని పెట్టెలు మంచు కరిగేదాకా బయటి గాలి ఆపేసి, ఇంటి గాలినే తిప్పుతాయి. వారాల తరబడి మైనస్ 30 ఉండే చోట అది ఎంతసేపో తెలుసుకోవాలి. మూడోది, ఫ్యాను ఎంత కరెంటు తింటుంది, ఎంత చప్పుడు చేస్తుంది? చప్పుడు చేసే పెట్టెను ఇంట్లోవాళ్లు రెండో రోజే ఆపేస్తారు.

ఇందులోనే ఈఆర్‌వీ అని ఇంకో రకం ఉంది. అది వేడితో పాటు తేమను కూడా కొంత తిరిగి ఇస్తుంది. గుంట మగ్గం గుంటలో ఎందుకు పెడతారని చిన్నప్పుడు మా తాతను అడిగితే, నేల తడికి నూలు తెగదని చెప్పాడు. చలి దేశపు ఇంట్లో చలికాలం గాలి అంత ఎండిపోతుంది. పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది, చెక్క నేల సందులు విడుస్తుంది. ఇంట్లో ఇద్దరే ఉండి, వంట తక్కువైతే ఈఆర్‌వీ మంచిది. మనవాళ్ల ఇళ్లలో లెక్క తరచు తిరగబడుతుంది. పప్పు ఉడుకుతుంది, అన్నం వండుతాం, బట్టలు లోపలే ఆరేస్తాం, అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. అప్పుడు తేమ ఎక్కువై కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతాయి, మూలల్లో నల్లని బూజు పడుతుంది. అలాంటి ఇంటికి తేమను బయటికి పంపే హెచ్‌ఆర్‌వీ మేలు. కిటికీ అద్దాన్ని చూస్తే మీ ఇంటికి ఏది కావాలో తెలుస్తుంది.

వంటింటి చిమ్నీ సంగతి వేరు. నూనె పొగను హెచ్‌ఆర్‌వీలోకి పంపకూడదు. దాన్ని నేరుగా బయటికే పంపాలి. గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదిలే చిమ్నీ మన వంటకు పనికిరాదు. పెద్ద చిమ్నీ పెడితే, అది లాగినంత గాలి లోపలికి వచ్చే తోవ కూడా పెట్టాలి. ఆ తోవ లేక మా ఇంట్లో ఏమైందో విన్నారు.

మూడో మెట్టు పొయ్యి. ఇక్కడ అందరూ చేసే తప్పు అవసరానికి మించి పెద్దది కొనడం. నా పాత ఫర్నేస్ లక్ష బీటీయూలది. పావుశేరు బియ్యానికి పెళ్లి వంట గుండిగ పెట్టినట్టు. భగ్గున మండి ఐదు నిమిషాల్లో ఆగిపోయేది, మళ్లీ మండేది. ముందు గది ఉడికిపోయేది, చివరి గది గడ్డకట్టేది.

మీ ఇంటికి ఎంత కావాలో మీ గ్యాసు మీటరే చెబుతుంది. కంతలు మూసి, ఇన్సులేషన్ వేశాక ఒక రోజు నేను లెక్క వేశాను. బయట సగటున మైనస్ 30, లోపల 20. తేడా 50 డిగ్రీలు. ఆ 24 గంటల్లో 24 ఘనపు మీటర్ల గ్యాసు కాలింది. ఒక ఘనపు మీటరుకు ఉరామరిగా 10 కిలోవాట్ గంటలు అనుకుంటే 240. దాన్ని 24 గంటలతో భాగిస్తే 10 కిలోవాట్లు. యంత్రం నూటికి 95 వంతులు వేడిగా మారుస్తుందనుకుంటే 9.5. దాన్ని 50తో భాగిస్తే డిగ్రీకి 190 వాట్లు. ఇక మైనస్ 35 దగ్గర తేడా 55 డిగ్రీలు కాబట్టి, కావలసింది 10.5 కిలోవాట్లు, అంటే దాదాపు 36,000 బీటీయూలు. నీళ్లు కాచిన గ్యాసు కూడా అందులోనే ఉంది కనుక అసలు అవసరం ఇంకా తక్కువే. లక్ష ఎక్కడ, 36,000 ఎక్కడ! కొత్త ఇంటికైతే గదిగదికీ వేడి నష్టం లెక్క కట్టి ఇమ్మని అడగాలి. అమెరికాలో దాన్ని మాన్యువల్ జె అంటారు, కెనడాలో ఎఫ్280 ప్రమాణం ఉంది. చదరపు అడుగులు చూసి నోటి లెక్క చెప్పేవాడి దగ్గర కొనవద్దు.

ఇక ఏ రకం కొనాలి? ఇప్పుడు అందరూ హీట్ పంప్ గురించి అడుగుతున్నారు. ఫ్రిజ్ వెనక చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి వేడిని లాగి బయట పోస్తున్నది కాబట్టి. హీట్ పంప్ ఏసీని తిరగేసినట్టు. బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడిని లాగి ఇంట్లో పోస్తుంది. మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. చలి పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది, అది ఇవ్వగలిగే మొత్తం వేడి కూడా తగ్గుతుంది. కానీ డబ్బా మీద రాసే పెద్ద అంకె సున్నాకు పైన 8 డిగ్రీల దగ్గర కొలిచింది. కొనేవాడు అడగవలసింది, మైనస్ 15 దగ్గర ఎంత ఇస్తుంది, మైనస్ 25 దగ్గర ఎంత ఇస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని. ఆ అంకెలను ఇంటి అవసరంతో పక్కపక్కన పెట్టి చూడాలి. చాలని రోజులకు ఇంకో ఏర్పాటు ఉండాలి.

ఖర్చు లెక్క కూడా తేలికే. మీ ఊళ్లో ఒక యూనిట్ కరెంటు ధర, అంత శక్తినిచ్చే గ్యాసు ధర తీసుకోండి. కరెంటు గ్యాసుకు రెండు రెట్లే ఉంటే హీట్ పంప్ డబ్బు మిగులుస్తుంది. నాలుగు రెట్లు ఉంటే, మూడింతలు ఇచ్చినా బిల్లు పెరుగుతుంది. టొరంటోలో ఉన్నవాడి జవాబు సస్కాచువాన్‌లో ఉన్నవాడికి సరిపోదు. పక్కింటివాడిది చూసి కొనవద్దు.

నేను ఏం చేశానంటే, ముందు అటక కంతలు మూయించాను. తరువాత హెచ్‌ఆర్‌వీ పెట్టించాను. తరువాత 40,000 బీటీయూల చిన్న ఫర్నేస్. మంటకు కావలసిన గాలిని బయటి నుంచి సొంత గొట్టంతో తెచ్చుకుని, పొగను ఇంకో గొట్టంతో బయటికే పంపే మూసిన రకం అది. ఇంటి గాలితో దానికి సంబంధం లేదు. నీళ్ల ట్యాంకు కరెంటుది. కొన్నేళ్లకు హీట్ పంప్ కూడా చేర్చాను. మైనస్ 15 దాకా అది, ఆ కింద ఫర్నేస్. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర మోనాక్సైడ్ అలారాలు. అన్నిటికంటే తక్కువ ధర వాటిదే.

ఇప్పుడు మన ఇళ్ల ముచ్చటకు వస్తాను.

మనకు డిసెంబర్, జనవరిలో చలి గట్టిగానే ఉంటుంది. ముసలివాళ్ల గదిలో, బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు మూయడం మనకు అలవాటు. పాత పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది. ఇప్పుడు స్లాబు వేశాం, అల్యూమినియం కిటికీలు బిగించాం. ఇల్లు మారింది, కుంపటి మారలేదు. బతుకుదెరువుకు గల్ఫ్ పోయినవాళ్లు లేని వాడ మన దగ్గర లేదు. చలి రాత్రి గదిలో బొగ్గులు రాజేసుకుని పడుకున్న కార్మికులు తెల్లారి లేవలేదన్న వార్తలు అక్కడి నుంచి వచ్చాయి. మా ఇంట్లో అలారం మోగింది, వాళ్ల గదిలో అలారం లేదు. తేడా అంతే. మీ ఇంటి నుంచి ఎవరైనా అక్కడ ఉంటే ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి, మూసిన గదిలో బొగ్గులు వద్దని. ఇక్కడ స్నానాల గదిలో గ్యాసు గీజర్ ఉన్నవాళ్లు దాన్ని బయటి గోడకు మార్పించండి.

ఎండాకాలానికీ అదే వరస. స్లాబు మీద ఎండ కాలుస్తుంటే కింద రెండు టన్నుల ఏసీ కొంటాం. ముందు కప్పును చూడాలి. తెల్లని పూత వేయాలి, పడమటి గోడకు నీడ ఇవ్వాలి. మన రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఆ తరువాత కొనే ఏసీ చిన్నదైనా సరిపోతుంది. ఇంకో మాట. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది. నలుగురు పడుకునే గదిని రాత్రంతా మూసి ఏసీ వేస్తే, ఆ నలుగురు వదిలిన గాలినే తెల్లార్లూ పీలుస్తారు. పొద్దున తల బరువుగా ఉండటానికి అదొక కారణం.

ఇక మన బడి. స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్ గదికి ఏసీలు పెట్టిద్దామన్న మాట నడుస్తున్నది. నేను వద్దనడం లేదు. నలభై మంది పిల్లలను మూసిన గదిలో కూర్చోబెట్టబోతున్నాం కాబట్టి, వరస తప్పవద్దని మాత్రం అడుగుతున్నాను. ముందు కప్పు మీద తెల్లని పూత, తరువాత మూసుకుపోయిన వెంటిలేటర్లు తెరిచి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, ఆ తరువాత ఎంత ఏసీ కావాలో లెక్క. మొదటి రెండింటి ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. దోస్తులతో మాట్లాడే ఈ మాట చెబుతున్నాను.

సైన్సు గదికి నా తరఫున ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు తెచ్చాను. ఆరుబయట అది 420 పైచిలుకు చూపిస్తుంది. తలుపులు మూసిన తరగతి గదిలో గంట తరువాత ఎంత చూపిస్తుందో పిల్లలే రాసుకోవాలి. కిటికీ తీసి మళ్లీ రాసుకోవాలి. ఒక్క హెచ్చరిక. ఇది కొలిచేది మనం వదిలే గాలిని. మా అవ్వను పడేసిన మోనాక్సైడ్ వేరు, దాన్ని ఇది పట్టదు. దానికి వేరే అలారం ఉండాలి. ఆ తేడా పరీక్షలో అడగదగిన ప్రశ్న.

సారూ, గ్లాసు కింద మనిషి ఉంటే ఏమవుతుందని మీరు అడిగారు. మొదట తల దిమ్మెక్కుతుంది సార్, తరువాత నిద్ర వస్తుంది. ఆ నిద్రలో తనకు ఏమవుతున్నదో మనిషికి తెలియదు. జవాబు ఇంత ఆలస్యంగా చెప్పినందుకు క్షమించండి.

మా అవ్వ కోరుట్లలోనే ఉన్నది, బాగున్నది. ఆ తువ్వాలను ఉతికి ఇంకా వాడుతున్నది.

పిల్లలు చలి దేశంలో ఇల్లు కొంటుంటే, లెక్క వేయడానికి సాయం కావలసినవాళ్లు సంఘం ద్వారా నన్ను అడగండి. మీటరు అంకెలు పంపిస్తే చాలు.